సెలూన్ బోర్డు

ఎడారి కావాలన్నాడు ఫోటో స్టూడియో వీర్రాఘవులు.
రాజోలు కేబుల్లో రాత్రి తొమ్మిదింటికి
పదమూడు వారాల గుర్రాల కథ,
తుపాకులు పట్టేదంతా ఆడవాళ్లే.
పెట్టుబడి, అమ్మేసిన జనరేటరూ
బావమరిది మొహమాటమూ.

గోదారి మధ్య ఎడారి ఎక్కడ దొరుకుతుందండీ?
ఫాల్గుణంలో దొరికింది,
వశిష్ఠ వెనక్కి తగ్గినచోట అరమైలు ఇసుక.
కెమెరా కాస్త ఎడమకి తిరిగితే కొబ్బరిచెట్లు,
కుడికి తిరిగితే పంటు,
పైకెత్తితే కొంగలు.
అందుకని మా సీరియల్లో ఎవరూ తలెత్తి చూడరు.
చూసినవాళ్లు అదేదో పౌరుషం అనుకున్నారు.

నన్ను షెరీఫ్ అన్నారు.
పొద్దున్న షెడ్డులో రొయ్యల తలలు తీసి
మధ్యాహ్నం నక్షత్రం పెట్టుకునేదాన్ని.
నెయ్యి డబ్బా రేకు అది.
కంగారులో తిరగేసి పెట్టుకుంటే
గుండె మీద "స్వచ్ఛమై" అని సగం మాట కనపడేది.
బందిపోటు దైవకృప. షెడ్డులో నా పక్క పీటే.
ట్రిగ్గరు నొక్కే వేలు
ఇద్దరికీ ఐసులో పాసిపోయే ఉండేది.

టోపీలు తాటాకువి, బూటు పాలిష్ పూసినవి.
తూటాలు దీపావళికి మిగిలిన రీలు బిళ్ళలు,
నిమ్ముకి సగం పేలవు.
పేలనప్పుడు నోటితో "ఠాప్" అనమన్నాడు.
దైవకృప అంటే వినాలి.
నిజం తుపాకీకి కూడా అంత కోపం ఉండదు.

సారాకొట్టుకి బోర్డు కావాలని
పెయింటర్ అబ్బులుకి చీటీ మీద సెలూన్ అని రాసిస్తే
పక్కన కత్తెరా దువ్వెనా కూడా వేసి తెచ్చాడు.
మళ్లీ రంగుకి డబ్బుల్లేవు.
మూడోవారం లంక రైతొకాయన
గెడ్డం తడుముకుంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు.
అదీ ప్రసారమైంది.

గుర్రం ఒక్కటే. పాలకొల్లు పెళ్లిళ్ల గుర్రం,
పేరు మంగళం.
ఆవిడెక్కితే ఆవిడది, నేనెక్కితే నాది,
మచ్చ ఒకవైపే ఉండటం కలిసొచ్చింది.
తుపాకీ చప్పుడుకి బెదరదు, ఆడుతుంది,
ఊరేగింపు కదిలిందనుకుని
మెడ ఊపి, ముందుకాళ్లెత్తి.
మా కథలో చచ్చినవాళ్లంతా
ఆ ఆట చూస్తూనే చచ్చారు.

ఏడోవారం ముసుగువీరుడొచ్చి
మమ్మల్నిద్దర్నీ కాపాడాలని రాసుంది.
వీరుడికి భీమవరంలో అన్నగారి గృహప్రవేశం.
రాలేదు.
వెలుగు తగ్గిపోతోంది,
గుర్రానికి గంటల లెక్కన కిరాయి.
"మీరిద్దరే ఏదో ఒకటి తేల్చుకోండమ్మా" అన్నాడు.

నా డైలాగు: "ఇది నా నేల. అడుగు పెడితే కాలుస్తా."
నాలుగుసార్లు చెప్పాను,
నాలుగుసార్లూ నవ్వొచ్చింది.
నాకున్న నేల పీట కింద పట్టేంత,
అదీ షెడ్డువాళ్లది.
దైవకృప నవ్వలేదు.
వాళ్ల నాన్న ఈ లంకలోనే
ఒకప్పుడు దోసపాదులు పెట్టాడంట.
పట్టా చేతికొచ్చే నాటికి
నేల ఏట్లో కలిసిందంట.
తుపాకీ దించకుండానే అడిగింది,
కాగితంలో లేని మాట:
"నీదా? ఏదీ, హద్దు చూపించు."

చూపించబోయాను.
ఎత్తిన చెయ్యి నీళ్లవైపే పోయింది.
మంగళం ఎందుకో ఆ ఒక్కసారీ ఆడలేదు.
కట్ అనడం మర్చిపోయి
వీర్రాఘవులు కెమెరా వెనక నిలబడే ఉన్నాడు.

ఎనిమిదోవారం లేదు.
డబ్బు పోగయ్యేసరికి ఆషాఢం,
ఎర్రనీళ్లొచ్చి ఎడారిని పట్టుకుపోయాయి.
ఫోన్లు చేసి అడిగారంట నలుగురైదుగురు,
ఆ ఇద్దరిలో ఎవరు కాల్చారని.
షెడ్డులో మేమూ అప్పుడప్పుడు
ఆ మాటే అనుకుంటాం, తలలు తీస్తూ.

మొన్న అంతర్వేది బస్సులోంచి చూశాను,
కాలవగట్టున బాతుల దొడ్డికి తలుపు.
కత్తెర చెరగలేదు, దువ్వెన పళ్లు సగం ఊడాయి.
బాతులు తలెత్తకుండా ఒక్కొక్కటే
సెలూన్లోకి నడుస్తున్నాయి.
నోటితోనే, మెల్లిగా,
ఠాప్ అన్నాను.
పక్కసీటాయన కాస్త సర్దుకుని కూర్చున్నాడు.